నీరసమని త్రోసివేయవలదు
థైరాయిడు మాంద్యమును గుఱించి వైద్యునితో మాటలాడుటకు ముందు ఇల్లాలు చేసికొనవలసిన సిద్ధము

మన యిండ్లలో స్త్రీకి జ్వరము వచ్చినచో అందఱును గుర్తింతురు. కాలు బెణికినచో అందఱును గుర్తింతురు. కాని నెలల తరబడి మెల్లమెల్లగా ఒంటిలోని సత్తువను హరించు వ్యాధిని మాత్రము ఎవ్వరును గుర్తింపరు. తుదకు ఆమెయు గుర్తింపదు. తాను సోమరినైపోతినేమో, వయసు మీదపడినదేమో యని తన్ను తానే నిందించుకొనుచు, అంట్లు తోముచు, అన్నము వండుచు, దినములు గడుపుచుండును. అట్టి వ్యాధులలో థైరాయిడు మాంద్యము ముఖ్యమైనది. దీనినే వైద్యులు హైపోథైరాయిడిజము అందురు. దీనికి సులభమైన పరీక్ష కలదు. చవుకయైన మందు కలదు. లేనిదెల్ల సకాలమున వైద్యుని యొద్దకు పోయి, ఉన్నది ఉన్నట్లు చెప్పుటయే.

సత్తెనపల్లి ప్రాంతమును తలచుకొనుడు. ఈ పట్టణము 2022వ సంవత్సరము వఱకు గుంటూరు జిల్లాలోనిది. నేడు నరసరావుపేట కేంద్రముగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోనిది. చుట్టును పత్తిచేలు, మిరపతోటలు. పత్తితీతలు ముగియకమునుపే మిరపకాయ కోతలు వచ్చును. పిదప కల్లములలో కాయలు ఆరబోయుట, తాలుకాయలు ఏఱుట. పొలమునకు పోవు స్త్రీకి ఒడలు నొచ్చుట సహజమే యని అందఱును అనుకొందురు. ఇంటిపట్టున నుండు ఇల్లాలికి నీరసమేమి యని మఱికొందఱు అందురు. ఈ రెండు మాటల నడుమ నిజమైన వ్యాధి దాగిపోవుచున్నది. మఱీ కూలబడినచో ఊరి ఆరెంపీ వచ్చి ఒక సెలైను ఎక్కించును. బలమునకొక సూది వేయును. రెండుదినములు కొంత తేఱినట్లుండి, మరల మొదటికే వచ్చును. సెలైను సీసాలో నున్నది ఉప్పునీరో, చక్కెరనీరో కాని, కొఱవడిన థైరాయిడు రసము కాదు గదా!

ఈ గ్రంథి యేమి చేయును?

మెడకు ముందుభాగమున, గుటక వేయునపుడు కదలు కంఠమణికి కొంచెము దిగువగా, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండు చిన్న గ్రంథి యొకటి కలదు. అదియే థైరాయిడు గ్రంథి. మనము తిను ఆహారములోని అయోడినును గ్రహించి అది థైరాక్సిను మొదలగు రసములను తయారుచేసి రక్తములోనికి పంపును. గుండె యెంత వేగముగా కొట్టుకొనవలెనో, తిన్న యన్న మెంత త్వరగా శక్తిగా మారవలెనో, ఒంటిలో వేడి యెంత యుండవలెనో నిర్ణయించునది ఈ రసమే. పొయ్యిలో మంటను ఎగద్రోయు చేయి వంటిది.

మెదడునకు అడుగున నున్న పిట్యూటరీ యను మఱియొక గ్రంథి దీనికి పై యధికారి. థైరాయిడు పని మందగించినపుడు ఆ గ్రంథి మఱింత పనిచేయుమని టి.ఎస్.హెచ్. అను రసము నధికముగా పంపును. కనుకనే రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. అంకె పెరిగినచో థైరాయిడు పని తగ్గినదని సామాన్యముగా అర్థము. అంకె పెరిగినపుడు రోగము తగ్గినదని కొందఱు సంతోషించుట కలదు. మందు మాంద్యమునకైనప్పుడు అది పొరపాటు.

లక్షణములు ఇంటిలో ఎట్లు కనబడును?

పుస్తకములలో వ్రాయు లక్షణములు వేఱు, వంటయింటిలో కనబడు రూపము వేఱు. చలికి తాళలేకపోవుట ఇందొక లక్షణము. రెంటచింతల వంటి మండువేసవి గల పల్నాటిలో చలి యెక్కడిదని నవ్వుదురు. నిజమే, ఇచ్చట ఆ లక్షణము దుప్పటితో కనబడదు. ఇంటిల్లిపాదియు ఫంకా వేయుమనుచుండగా ఆమె యొక్కతె ఆపుమనును. అందఱును ఆరుబయట పండుకొనగా ఆమె మాత్రము లోపల పండుకొనును. తెల్లవారుజామున చన్నీటిలో చేయి పెట్టుటకు వెనుదీయును.

అట్లే ఒళ్లు వచ్చుట. తిండి తగ్గినను బరువు కొంత పెరుగును. రవికెలు బిగువగును; ఉంగరము వేలినుండి రాదు; ఉదయము లేచునప్పటికి కనుఱెప్పలు ఉబ్బియుండును. గొంతు బొంగురుపోవును, ఫోనులో పుట్టింటివారు "జలుబు చేసినదా అమ్మాయీ?" యని అడుగుదురు. తల దువ్వుకొనునపుడు వెండ్రుకలు చిక్కులు చిక్కులుగా ఊడివచ్చును. చర్మము పొడిబారి గీచినచో తెల్లని చాఱలు పడును. మలబద్ధకము కలుగును. కండరములు పట్టుకొనును. పాలు పొయ్యిమీద పెట్టి మఱచిపోవును. తెలిసినవారి పేరు నోటికి రాదు. ఏ పనియందును ఆసక్తి యుండదు. ఊరక కన్నీళ్లు వచ్చును. నాడి మందగించును. నెలసరి యధికమగుటయో, క్రమము తప్పుటయో జరుగును. గర్భము నిలువకపోవుటకు, నిలిచినను పోవుటకు కూడ ఇది యొక కారణము కావచ్చును. సంతానము లేదని కోడలిని ఆడిపోసికొను అత్తగారు ఈ మాటను ముఖ్యముగా గమనింపవలెను.

అయినను, ఇందులో ఒక్కొక్క లక్షణము వేఱు వ్యాధులందును ఉండును. రక్తహీనత, మధుమేహము, విటమినుల లోపము, నిద్రలేమి, మనోవ్యాకులత, తుదకు గర్భధారణ సైతము నీరసమును కలిగించును. కాబట్టి మనమే రోగనిర్ణయము చేసికొనరాదు. నాలుగైదు లక్షణములు కలిసి, నెలల తరబడి వదలకయున్నచో పరీక్ష చేయించుకొనవలెను. అంతియే.

ఎవరికి వచ్చును? ఏల వచ్చును?

ఇది అరుదైన వ్యాధి కాదు. 2013లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో హైదరాబాదు, చెన్నపట్టణము మొదలగు ఎనిమిది నగరములలో 5,000 మందికి పైబడిన పెద్దలను పరీక్షింపగా, నూటికి దాదాపు 11 మందికి ఈ మాంద్యము కలదని తేలినది. పురుషులలో కంటె స్త్రీలలో అది మూడురెట్లుండెను. నూటికి మువ్వురికి పైగా తమకు ఈ వ్యాధి కలదని ఆనాటివఱకు ఎఱుగనే యెఱుగరు.

మిక్కిలి సాధారణమైన కారణము, దేహమును కాపాడవలసిన రక్షకశక్తియే పొరబడి ఈ గ్రంథిని శత్రువుగా భావించి నశింపజేయుట. దీనిని 1912లో హషిమోటో యను జపాను వైద్యుడు మొదట వర్ణించెను. కావున ఆయన పేరే దానికి నిలిచినది. ఇది కుటుంబములలో పరంపరగా వచ్చుట కలదు. ప్రసవమైన మొదటి సంవత్సరములో కొందఱికి ఈ గ్రంథి దెబ్బతినును. బాలింత నీరసమని దానిని ఎవరును పట్టించుకొనరు. మెడకు శస్త్రచికిత్స జరిగినవారికిని, గుండెకు గాని మనోవ్యాధికి గాని కొన్ని మందులు వాడువారికిని ఇది రావచ్చును.

అయోడిను కొఱవడుట మఱియొక కారణము. ఈ విషయమున మన తెలుగువాడొకడు దేశమునకు చేసిన సేవ స్మరింపదగినది. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన వులిమిరి రామలింగస్వామి గారు, 1956 మొదలుకొని హిమాలయ ప్రాంతమునందలి కాంగ్రా లోయలో పరిశోధన సలిపిరి. కొన్ని ప్రాంతముల వారికి అయోడిను కలిపిన ఉప్పును, మఱియొక ప్రాంతమువారికి సామాన్యమైన ఉప్పును ఇచ్చి, మొదటివారిలో గళగండము తగ్గుటను నిరూపించిరి. 1962లో భారతప్రభుత్వము గళగండ నివారణకు దేశవ్యాప్తమైన కార్యక్రమమును ఆరంభించెను. నేడు మనము కొను పొట్లపు ఉప్పులో 10 లక్షల పాళ్లకు కనీసము 15 పాళ్లు అయోడిను మన చేతికి వచ్చునప్పటికి ఉండవలెనని నియమము కలదు.

మన ప్రాంతమున చినగంజాము వంటిచోట్ల ఉప్పుకొఠారులు కలవు. ఆవకాయకు, పండుమిరప పచ్చడికి కల్లుప్పే మేలని మన పెద్దల మాట. పచ్చళ్లకు అట్లే కానిండు. కాని దినదినము కూరలలో, చారులో వేయు ఉప్పు అయోడిను కలిపినదై యుండవలెను. సైంధవలవణము ఆరోగ్యమని దానినే వాడువారు ఈ సంగతి మఱవరాదు. ఉప్పుడబ్బాను పొయ్యిప్రక్కన మూత లేక ఉంచరాదు. వంట ముగియవచ్చినపుడు ఉప్పు వేయుట మంచిది. అట్లని అయోడిను చుక్కలు, మాత్రలు వైద్యుడు చెప్పక మ్రింగరాదు. అయోడిను అధికమైనను ఈ గ్రంథికి కీడే.

ఒకానొక స్త్రీకి కలిగిన మేలు

ఈ వ్యాధిని గుర్తించుటయు స్త్రీలతోడనే ఆరంభమైనది. 1873లో విలియం గల్ అను ఆంగ్ల వైద్యుడు, నడివయసు స్త్రీలకు ముఖము ఉబ్బి, మాట మందగించి, బుద్ధి మాంద్యము కలుగుచున్నదని లండనులోని వైద్యసభలో నివేదించెను. కారణము మాత్రము తెలియలేదు. 1891లో న్యూకాసిలు నగరమున జార్జి మఱ్ఱే యను యువవైద్యుడు, ఇట్టి వ్యాధితో కృశించుచున్న 46 ఏండ్ల స్త్రీకి గొఱ్ఱె థైరాయిడు గ్రంథినుండి తీసిన రసమును సూదిద్వారా ఎక్కించెను. ఆమె తేఱుకొనెను. పిదప ఆ మందును నోటిద్వారా పుచ్చుకొనుచు మఱి 28 సంవత్సరములు జీవించి 1919లో మరణించెను. 1914లో అమెరికాలో కెండాలు అను శాస్త్రజ్ఞుడు థైరాక్సినును విడదీసెను. 1927లో దానిని ప్రయోగశాలయందు తయారుచేయుట నేర్చిరి. నేడు మనము వాడు చిన్న తెల్లమాత్ర ఆ పరిశ్రమ ఫలమే. అంతకు పూర్వము ఈ వ్యాధిగ్రస్తురాలికి దిక్కులేకుండెను. నేడు దిక్కుండియు మనము పోకుండుట ఎంత అన్యాయము!

సిద్ధమేల?

మన ప్రాంతమున స్త్రీలు తమ బాధను పురుషవైద్యునికి చెప్పుకొనలేక ప్రాణములు పోగొట్టుకొన్న కాలము కలదు. 1883లో అమెరికానుండి గుంటూరునకు వచ్చిన అన్నా కుగ్లరు అను వైద్యురాలు అట్టి స్త్రీల కొఱకే పాటుపడి, 1898లో స్త్రీల వైద్యశాలను నెలకొల్పి, 1930లో ఆ గుంటూరులోనే కన్నుమూసెను. నేడు సత్తెనపల్లిలోనే ప్రభుత్వ వైద్యశాల కలదు, నరసరావుపేట దగ్గఱ, గుంటూరు పెద్దాసుపత్రి బస్సులోనైనను రైలులోనైనను ఒక పూట ప్రయాణము, మంగళగిరిలో ఎయిమ్సు వెలసినది. వైద్యులు కొఱవడిరని చెప్పుటకు వీలులేదు. కొఱవడినది సమయము. ఓ.పి. చీటీ పట్టుకొని రెండు గంటలు వరుసలో నిలిచిన పిదప డాక్టరుగారి యెదుట మనకు దొరకునది నాలుగైదు నిమిషములు మాత్రమే. ఆ నిమిషములలో ఏమి జరుగునో చూడుడు.

"ఏమమ్మా, ఏమి బాధ?"

"నీరసమండీ."

"ఎన్నాళ్లనుండి?"

"చాలా రోజులనుండి అండీ."

"ఇంకేమైనను కలదా?"

"ఏమీ లేదండీ, ఒంట్లో బాగుండదు."

డాక్టరుగారు బలమునకు మాత్రలు వ్రాయుదురు. ఆమె యింటికి వచ్చును. గొంతు మాట, నెలసరి మాట, అక్కగారి థైరాయిడు మాట ఆమె నోటిలోనే ఉండిపోవును. ఇందు వైద్యుని తప్పును లేదు, ఆమె తప్పును లేదు; సిద్ధము లేకపోవుటయే లోపము.

చీటీ వ్రాసికొనుట

పెండ్లికి సరకుల పట్టీ వ్రాయనిదే అంగడికి పోముగదా! ఒంటి సంగతికి మాత్రము పట్టీ యెందుకు ఉండరాదు? వైద్యుని చూడబోవుటకు వారము ముందుగా పిల్లల నోటుపుస్తకములోనుండి ఒక కాగితము చింపుకొని ఈ క్రింది సంగతులు వ్రాసికొనుడు. ఒక్క పుటకు మించరాదు.

మొదట, కాలము. తేదీలు జ్ఞాపకము లేకున్నను పండుగలు, పనులు జ్ఞాపకముండును. సంక్రాంతికి పిండివంటలు చేయునపుడు బాగుంటినా? మిరపకోతల నాటికి ఎట్లుంటిని? చిన్నపిల్ల పుట్టకముందా, పిదపా? ఇట్లు లెక్కించి, "తొమ్మిది నెలలనుండి" అని స్పష్టముగా వ్రాయుడు.

రెండవది, లక్షణములు. అన్నింటికంటె బాధించునది మొదట వ్రాయవలెను. "నీరసము" అని మాత్రము వ్రాయక, మునుపు చేయగలిగి ఇప్పుడు చేయలేని పనిని వ్రాయుడు: "మునుపు రెండు బిందెలు ఒక్కమాటే తెచ్చుచుంటిని, ఇప్పుడు ఒక్క బిందెకే ఆయాసము." "మధ్యాహ్నము పండుకొనక తీఱదు." ఇట్టి మాట వైద్యునికి అద్దము వంటిది. బరువు మునుపెంత, ఇప్పుడెంత అనునది వ్రాయుడు. ఇంటిలో త్రాసు లేకున్నచో, మిరపబస్తాలు తూచు కాటా ఊరిలో నుండక పోదు. దానిపై నిలిచి చూచుకొనుటకు సిగ్గేల? పాత ఫొటో యొకటి వెంట తీసికొనిపోయినచో ముఖములోని మార్పు వైద్యునికి వెంటనే తెలియును.

మూడవది, నెలసరి. ఎన్ని దినములకొకసారి వచ్చుచున్నది, ఎన్ని దినములుండును, దినమునకు ఎన్ని గుడ్డలు మార్చవలసి వచ్చుచున్నది, కడపటిసారి యెన్నడు వచ్చినది. ఎన్ని కాన్పులు, ఎన్ని గర్భములు పోయినవి, పాలిచ్చు బిడ్డ కలదా, గర్భమునకై ప్రయత్నించుచున్నారా. నోట చెప్పుటకు బిడియపడువారు ఆ కాగితమునే వైద్యుని చేతికి ఈయవచ్చును. కాగితమునకు సిగ్గులేదు.

నాలుగవది, వంశము. అమ్మ, అమ్మమ్మ, అక్కచెల్లెండ్రు, మేనత్తలలో ఎవరికైన థైరాయిడు కలదా, మెడకు గడ్డ కలదా యని పుట్టింటికి ఫోను చేసి ముందుగా అడిగి తెలిసికొనుడు.

ఐదవది, మందులు. ప్రస్తుతము మ్రింగుచున్న ప్రతి మాత్రయు, ఆకుమందును, పసరును, జుట్టునకై వాడు మాత్రలును వ్రాయుడు. పేరు తెలియనిచో ఖాళీ అట్టలే సంచిలో వేసికొని పొండు. జుట్టు మాత్రలలో నుండు బయోటిను అను విటమిను థైరాయిడు రక్తపరీక్షను తప్పుదారి పట్టించును. కావున పరీక్షకు కనీసము రెండు దినములు ముందుగా దానిని ఆపవలెనేమో వైద్యుని అడుగుడు.

ఆరవది, పాత కాగితములు. మునుపటి రక్తపరీక్షలు, కాన్పునాటి చీటీలు, ఒక సంచిలో తేదీల వరుసను సర్దుకొనుడు. ఇదివఱకే థైరాయిడు మాత్ర వాడువారు, పరీక్షనాటి ఉదయము రక్తము తీసినపిదప మాత్ర వేసికొనుట మేలు. ప్రతిసారియు పరీక్ష దాదాపు ఒకే వేళకు చేయించుకొన్నచో అంకెలను పోల్చుట సులభము. టి.ఎస్.హెచ్. పరీక్ష కొఱకు మాత్రమే యైనచో పరగడుపున ఉండనవసరము లేదు.

ఎవరు వెంట పోవలెను?

తోడు పోవువారు మన మాట విని యూరకుండగలవారై యుండవలెను. కొందఱు ఇల్లాండ్రు నోరు తెఱువకమునుపే అత్తగారో, భర్తయో "దీనికి తిన్నదరగదండీ, పని చేయదండీ" యని ప్రారంభింతురు. అట్టిచోట, "అత్తయ్యా, మొదట నేను చెప్పెదను, తరువాత మీరు చెప్పుడు" అని వినయముగనే అనవచ్చును. కొన్ని సంగతులు ఏకాంతముగా చెప్పవలసియుండిన, డాక్టరుగారితో ఆ మాటయే చెప్పుడు. ఇంటి పెద్దలకు మా మనవి ఒక్కటి: పోవుటకు ముందు దినమే కోడలితో కూర్చుండి, "నీలో నేను చూచిన మార్పులివి" అని చెప్పి వ్రాయింపుడు. మతిమఱుపు, మాట మందగించుట, ముఖము ఉబ్బుట రోగికంటె ప్రక్కవారికే ముందు తెలియును. నింద మాని సాక్ష్యము చెప్పు అత్తగారు సగము వైద్యురాలు.

చీటీ చేతనున్నప్పుడు అదే సంభాషణ ఎట్లు మాఱునో చూడుడు.

"ఏమమ్మా, ఏమి బాధ?"

"తొమ్మిది నెలలనుండి నీరసము, డాక్టరుగారూ. తిండి తగ్గినను ఆరు కిలోలు పెరిగితిని. గొంతు బొంగురుపోయినది. నెలసరి ఎనిమిది దినములుండుచున్నది. మా అక్కకు థైరాయిడు కలదు. నాకును ఆ పరీక్ష అవసరమేమో చూడగోరుచున్నాను."

అరనిమిషము పట్టినది. ఇక వైద్యుడు మెడ తడిమి చూచును, నాడి చూచును, టి.ఎస్.హెచ్., దానితో థైరాక్సిను పరీక్షయు, రక్తహీనతకై హిమోగ్లోబిను పరీక్షయు వ్రాయును.

అడుగవలసిన ప్రశ్నలు

ఫలితము వచ్చినపిదప మఱికొన్ని మాటలు అడిగి తెలిసికొనవలెను. నా అంకె యెంత, ఈ ప్రయోగశాల వారి పరిమితి యెంత? (సామాన్యముగా పెద్దలకు 0.4 మొదలు 4 వఱకు చెప్పుదురు, గర్భిణులకు వేఱు.) కొంచెము మాత్రము పెరిగినచో వెంటనే మందు కావలెనా, రెండు మూడు నెలలకు మరల పరీక్షించి చూడవచ్చునా? 10 దాటినచో సామాన్యముగా మందు మొదలుపెట్టుదురు. మాత్ర యెన్ని మైక్రోగ్రాములు? ఎన్నాళ్లు వాడవలెను? మరల పరీక్ష ఎప్పుడు? వైద్యుడు చెప్పునది అక్కడనే కాగితము వెనుక వ్రాసికొనుడు. ఇంటికి వచ్చునప్పటికి సగము మఱచిపోవుట ఈ వ్యాధి స్వభావమే గదా!

మందు ఇచ్చిన పిదప

థైరాక్సిను మాత్రను ఉదయమున పరగడుపున మంచినీళ్లతో మ్రింగవలెను. అరగంట, వీలైన గంట దాటినదాక కాఫీ, టీ, పాలు, ఫలహారము ముట్టరాదు. లేచినవెంటనే కాఫీ లేనిదే కదలని మన యిండ్లలో ఇది కొంత తపస్సే. ప్రక్కమీదినుండి లేచిన తక్షణమే మాత్ర వేసికొని, వాకిలి ఊడ్చి ముగ్గుపెట్టి వచ్చునప్పటికి ఆ వేళ గడచిపోవును. ఇనుపధాతువు మాత్రలు, కాల్షియము మాత్రలు, కడుపుమంటకు వాడు మందులు దీనితో కలిపి మ్రింగినచో మందు ఒంటికి పట్టదు. నాలుగు గంటల యెడముండవలెను. గర్భిణులకు ప్రభుత్వమువారు ఇచ్చు ఇనుపమాత్రల విషయమున ఇది ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలెను. మాత్రలసీసాను మన ఎండలలో కిటికీయందును, పొయ్యికడను ఉంచక చల్లని, పొడియైన చోట దాచుడు.

మందు వేసిన మఱునాడే గుణము కనబడదు. కొన్ని వారములు పట్టును. ఆఱు మొదలు ఎనిమిది వారములకు మరల పరీక్ష చేయించుకొని వైద్యుడు మోతాదు సరిచూచును. బాగుపడితినని మాత్ర మానరాదు. మాత్ర వలననే బాగుపడితిమి. తొందరపడి రెట్టింపు మ్రింగినచో గుండెదడ, నిద్రలేమి కలుగును. ఏండ్ల తరబడి అధికమైనచో ఎముకలు బలహీనపడును. వృద్ధులకును, గుండెజబ్బు గలవారికిని తక్కువ మోతాదుతో మొదలుపెట్టుదురు. ప్రక్కింటి వదినగారి మాత్ర మనకు పనికిరాదు. ఆమె మోతాదు ఆమెది.

గర్భము ధరించినవారు మాత్ర బిడ్డకు చెఱుపేమో యని భయపడి మానుట మహాపరాధము. మొదటి నెలలలో బిడ్డ మెదడు పెరుగుటకు తల్లి థైరాక్సినే ఆధారము. గర్భమని తెలిసిన తక్షణమే వైద్యునికి తెలుపవలెను. మోతాదు తఱచుగా పెంచవలసి వచ్చును. పాలిచ్చు తల్లియు నిర్భయముగా వాడవచ్చును.

పథ్యము పేరిట కూరలన్నియు మానిపించువారు కలరు. క్యాబేజీ మొదలగునవి వండుకొని మితముగా తిన్నచో దోషములేదు. మన గోంగూర, మన మిరపకారము ఈ వ్యాధికి కారణములు కావు.

ఒక్క హెచ్చరిక. చిరకాలము మందులేక యున్నవారికి, ముఖ్యముగా వృద్ధురాండ్రకు, ఒళ్లు చల్లబడి, మత్తుగా పడియుండి, పిలిచిన పలుకక, ఊపిరి మందగించినచో అది ప్రాణాపాయము. అప్పుడు చీటీలు, వరుసలు అనక వెంటనే 108 బండిని పిలిచి పెద్ద వైద్యశాలకు చేర్పవలెను. మెడలో గడ్డ త్వరగా పెరుగుచున్నను, మ్రింగుట కష్టమైనను ఆలస్యము చేయరాదు.

సోదరీమణులారా, ఇంటిలో పశువు మేత మానినచో ఆ సాయంకాలమునకే పశువైద్యుని పిలిపింతుము. మిరపచేనికి బొబ్బర తెగులు కనబడినచో మఱునాడే మందు తెత్తుము. ఇల్లు నడుపు స్త్రీ యేడాదినుండి వాడిపోవుచుండగా, "ఈ కోతలు కానిమ్ము, ఈ పెండ్లి కానిమ్ము" అని వాయిదాలు వేయుచుందుము. కోతలు ప్రతి యేటను వచ్చును. ఈ వారమే ఒక కాగితమును, ఒక కలమును తీసికొని కూర్చుండుడు. మీకు అవసరము లేకున్నచో మీ తోడికోడలికో, ఆడుబిడ్డకో, కల్లములో మీతో కాయలేఱు స్త్రీకో వ్రాసిపెట్టుడు. చదువు నేర్చినందుకు ఇంతకంటె మంచి వినియోగమేమి కలదు?